స్కాన్లన్నీ నార్మల్, మనిషి మాత్రం మునుపటిలా లేరు. న్యూరోసైకాలజీ టెస్టు చేయించాలా?

కృష్ణలంక_కోడలు
మా ఆయనకి పోయిన దసరా ముందు వారధి దగ్గర బండి యాక్సిడెంట్ అయింది. తలకి దెబ్బ తగిలింది. కొన్నాళ్లు ఐసీయూలో ఉంచి, ఆపరేషన్ అక్కర్లేదని ఇంటికి పంపేశారు. నడక, మాట బాగానే ఉన్నాయి. మళ్లీ తీసిన సీటీ కూడా నార్మల్ అన్నారు. చూసినవాళ్లంతా "దేవుడి దయ, ఏం కాలేదు" అంటున్నారు.

కానీ మనిషి మారిపోయారు. ఆయన వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పద్దులు రాస్తారు. ఏ పార్టీ ఎంత బాకీయో పుస్తకం చూడకుండా చెప్పే మనిషి, ఇప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిస్తున్నారు. మధ్యలో ఫోన్ మోగితే చేస్తున్న పని అక్కడే వదిలేస్తారు, మళ్లీ దాని జోలికి పోరు. పిల్లాడు గట్టిగా నవ్వినా కసురుకుంటున్నారు. సాయంత్రం అయ్యేసరికి అలిసిపోయి పడుకుంటారు. మా మరిది ఆయన ముందే "ఇంట్లో కూర్చుని తినడం అలవాటైంది" అనేశాడు. ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు న్యూరాలజీ డాక్టరు గారు చీటీ మీద న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ అని రాశారు. మా అత్తగారు "సైకాలజీ అంటే పిచ్చి టెస్టు కదమ్మా" అని ఒకటే టెన్షన్. సీటీయే బాగుంటే ఇది కొత్తగా ఏం చెబుతుంది? తరవాత వైద్యం ఏమైనా ఉంటుందా, లేక రిపోర్టు చేతిలో పెట్టి పంపేస్తారా? చేయించినవాళ్లు ఎవరైనా చెప్పండి.

గోదారి_గట్టు
అమ్మా, మా మేనల్లుడికీ ఇలాగే అయింది. ఏడాది తిరిగేసరికి వాడే సర్దుకున్నాడు. స్కాను నార్మల్ అన్నాక ఇంకో టెస్టుకి వేలు పోయడం ఎందుకు? మంచి తిండి, నిద్ర, ఇంట్లో ప్రశాంతత చూసుకోండి. కాలమే బాగుచేస్తుంది.

వరంగల్_చెల్లి
గట్టు గారూ, ఆ ఏడాదిలో ఉద్యోగం పోతే? అక్కా, చేయించండి. మా అమ్మకి చేయించాం కాబట్టి చెబుతున్నా. మా సంగతి వేరు, తరవాత రాస్తా.

సైకాలజీ_ఎంఫిల్
నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుని, ఈ టెస్టులు చేయడమే నా పని. కాస్త వివరంగా రాస్తాను.

ముందు అత్తగారి భయం సంగతి. ఇది పిచ్చి ఉందో లేదో చూసే పరీక్ష కాదు. మెదడు చేసే పనుల్లో ఏది ఎంత దెబ్బతింది, ఏది చెక్కుచెదరకుండా ఉంది అన్నది చూస్తాం. ఆమెకి ఆ మాటే చెప్పండి.

సీటీలో రక్తం గడ్డ, ఎముక విరగడం, వాపు లాంటివి తెలుస్తాయి. కానీ వేగంగా వెళ్తున్న తల ఒక్కసారి ఆగినప్పుడు మెదడు లోపల కదులుతుంది. సన్నని నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. మామూలు సీటీకి ఇవి చాలాసార్లు దొరకవు. పైగా నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్, కణతల దగ్గర ఉండే టెంపొరల్ లోబ్ ముందు భాగం పుర్రె లోపలి గరుకు అంచులకి కొట్టుకుంటాయి. అందుకే యాక్సిడెంట్లలో ఎక్కువమందికి దెబ్బతినేవి ఇవే: ధ్యాస నిలపడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారి మళ్లీ మొదటిదానికి రావడం, కొత్త విషయం గుర్తుపెట్టుకోవడం, ఆలోచన వేగం, కోపం మీద అదుపు. మీరు రాసినవన్నీ దాదాపు ఈ జాబితాలోనివే. మీ మరిది గారు బద్ధకం అనుకుంటున్నది బద్ధకం కాకపోవచ్చు.

టెస్టులో ఏముంటుందంటే: మేం అంకెలు చదివితే వాటిని వెనక నుంచి చెప్పమంటాం. పదిహేను మాటలు ఐదుసార్లు వినిపించి ప్రతిసారీ ఎన్ని గుర్తున్నాయో అడుగుతాం, మధ్యలో ఇంకో జాబితా వినిపిస్తాం, అరగంట తరవాత మొదటిది మళ్లీ అడుగుతాం. ఒక చిక్కు బొమ్మ చూసి గీయమంటాం, తరవాత చూడకుండా గీయమంటాం. రెండు రంగుల వలయాల్లో అంకెల వరస తప్పకుండా, రంగు మార్చుకుంటూ గీత కలపమంటాం. కర్రలకి గుచ్చిన రంగు బంతుల్ని తక్కువ ఎత్తుల్లో ఒక వరసకి తెమ్మంటాం. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూస్తాం. మన దేశంలో ఎక్కువగా వాడేది బెంగళూరు నిమ్హాన్స్ (మానసిక, నరాల వైద్య సంస్థ) వాళ్లు 2004లో తెచ్చిన బ్యాటరీ, అంటే ఇలాంటి పరీక్షలన్నీ కలిపిన సెట్టు. అందులో వయసు, చదువు, ఆడ మగ వారీగా మనవాళ్ల మార్కులే ఉంటాయి కాబట్టి మీ ఆయన్ని ఆయన లాంటివాళ్లతోనే పోల్చి చూస్తారు.

రెండు మూడు గంటలు పడుతుంది. అలసట ఉందన్నారు కాబట్టి పొద్దున్న పూట పెట్టించుకోండి, రెండు రోజులకి పంచమని అడగండి. ముందు రాత్రి బాగా పడుకోవాలి. కళ్లద్దాలు, వాడుతున్న మందుల చీటీ మర్చిపోవద్దు. మీరు తప్పకుండా వెళ్లండి, ఇంట్లో ఎలా ఉన్నారో చెప్పేది మీరే. యూట్యూబ్‌లో ఈ టెస్టులు చూపించి ప్రాక్టీస్ మాత్రం చేయించకండి.

ఉల్లిపెసరట్టు
జంతువుల పేర్లంటే గుర్తొచ్చింది. మా తాతయ్యని అడిగితే ఒంగోలు గిత్త, పుంగనూరు ఆవు, ముర్రా గేదె, జాఫరాబాదీ గేదె అని పశువుల సంత దగ్గరే ఆగిపోయాడు. డాక్టరమ్మ "ఇంకా అడవి జంతువులు కూడా ఉన్నాయి తాతా" అంటే "అవి మన దొడ్లోకి రావు కదమ్మా" అన్నాడట 😄

సైకాలజీ_ఎంఫిల్
@ఉల్లిపెసరట్టు, తాతయ్యకి నా నమస్కారం! నిజానికి అదీ చూస్తాం. ఎన్ని చెప్పారన్నదొక్కటే కాదు. పెంపుడు జంతువులు అయిపోగానే అడవి జంతువులకి, అక్కణ్ణుంచి పక్షులకి ఎంత సులువుగా మారుతున్నారు అన్నది ఫ్రంటల్ లోబ్ పని గురించి చెబుతుంది.

బ్యాంకు_బాబాయ్
నేను టెస్టుకి కూర్చున్నవాణ్ణి, అటువైపు నుంచి చెబుతాను. బ్యాంకులో రిటైరయ్యాక పక్షవాతం వచ్చింది, మెదడు కుడివైపు. చేయి తొందరగానే తిరిగింది. కానీ కంచంలో ఎడమవైపు వడ్డించిన కూర అలాగే మిగిలేది, మా ఆవిడ "వంట నచ్చట్లేదా" అని బాధపడేది. పేపరు చదివితే వార్త అర్థమయ్యేది కాదు. కంటి డాక్టరు కళ్లు బాగున్నాయన్నారు.

టెస్టులో ఒక గీత ఇచ్చి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమన్నారు. నేను బాగా కుడికి పెట్టాను, అదే మధ్య అని వాదించాను కూడా. చూపు పోలేదు, ఎడమవైపు ఒకటి ఉందన్న స్పృహే పోయింది అని అప్పుడు తెలిసింది. దాన్ని నెగ్లెక్ట్ అంటారట.

తరవాత ఏం చేశారంటే, చదివే ప్రతి కాగితం మీదా ఎడమ అంచున లావుగా ఎర్ర గీత గీయించారు. గీత కనబడేదాకా కళ్లు తిప్పాలి, అప్పుడే చదవడం మొదలుపెట్టాలి. కంచం పక్కన ఎర్ర రుమాలు పెట్టేవాళ్లు. చిన్న పనే, కానీ దానితోనే నేను మళ్లీ పేపరు చదివాను. ఇప్పుడు గీత లేకుండానే చదువుతున్నాను. అమ్మా, టెస్టు చేయించు. ఆయన కోసమే కాదు, నీ కోసం కూడా. మా ఆవిడకి ఆ రిపోర్టుతో గుండె బరువు దిగింది.

కృష్ణలంక_కోడలు
బాబాయ్ గారూ, చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఎంఫిల్ గారూ, ఇంకో అనుమానం. డిశ్చార్జి ముందు ఎవరో వచ్చి ఈ రోజు తారీకు ఎంత, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేయండి అని అడిగి 30కి 28 వేశారు. "మెమరీ బాగుంది" అని రాశారు. అది ఇదే టెస్టు కాదా?

సైకాలజీ_ఎంఫిల్
కాదండీ. అది ఎంఎంఎస్ఈ, పది నిమిషాల వడపోత. ముఖ్యంగా డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) అనుమానం ఉన్నచోట పనికొస్తుంది. ఫ్రంటల్ లోబ్ పనుల్ని దాదాపు ముట్టుకోదు. తారీకు చెప్పగలిగిన మనిషి పది బిల్లులు వరసలో పెట్టగలడని దాని అర్థం కాదు. 28 వచ్చి ఉద్యోగం చేయలేకపోతున్నవాళ్లని నేను తరచూ చూస్తాను.

ఇంకొకటి అడగాలి. ఫిట్స్ రాకుండా మాత్రలు వాడుతున్నారా? అందులో లెవెటిరాసెటమ్ ఉందా?

కృష్ణలంక_కోడలు
ఉంది. ఐసీయూ నుంచీ వాడుతున్నాం.

సైకాలజీ_ఎంఫిల్
మంచి మందే, ఫిట్స్‌ని బాగా ఆపుతుంది. కానీ కొంతమందిలో చిరాకు, కోపం పెంచుతుంది. మీ ఆయన కోపం అంతా దానివల్లే అనను. తలకి దెబ్బ కూడా కారణం కావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. డాక్టరుగారికి ఈ కోపం సంగతి విడిగా, స్పష్టంగా చెప్పండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

గచ్చిబౌలి_కోడర్
ఇంత తిరుగుడు ఎందుకండీ, బ్రెయిన్ ట్రైనింగ్ యాప్స్ బోలెడు ఉన్నాయి. రోజూ పావుగంట ఆడితే మెమరీ, ఫోకస్ పెరుగుతాయి. నేను వాడుతున్నా, స్కోరు బాగా పెరిగింది.

తిరుపతి_టీచరమ్మ
బాబూ, ఆటలో స్కోరు పెరగడం వేరు, కొట్టులో పద్దు తప్పకపోవడం వేరు. లుమోసిటీ అనే కంపెనీ ఆటలు ఆడితే మతిమరుపు రాదు, ఉద్యోగంలో చురుకవుతారు అని ప్రకటనలు ఇస్తే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అంత రుజువు ఉండుంటే ఆ డబ్బు ఎందుకు కడతారు?

గచ్చిబౌలి_కోడర్
అలా అని అన్నీ దండగేనా టీచరమ్మా? నాకు ఉపయోగపడుతోంది కదా.

తిరుపతి_టీచరమ్మ
నీకు దెబ్బ తగల్లేదు కదా నాయనా. సరదాగా ఆడుకో, నాకేం అభ్యంతరం లేదు. ఆ అమ్మాయికి మందు అని చెప్పకు, అంతే.

సింహపురి_చిన్నోడు
మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. మందులకి లొంగలేదు. త్రివేండ్రం శ్రీచిత్రలో ఆపరేషన్ చేయించాం. దానికి ముందు ఈ టెస్టులు చేశారు, అప్పటిదాకా మాకు ఇలాంటిది ఒకటి ఉందనే తెలియదు. మూర్ఛ పుడుతున్న చోటు తీసేస్తే మాటకి, జ్ఞాపకానికి ఏమైనా ముప్పు ఉందా అన్నది సర్జన్లు తేల్చుకోవాలట. ఎడమ టెంపొరల్ లోబ్ అయితే మాటల జ్ఞాపకం మీద భయం ఎక్కువ ఉంటుందని చెప్పారు. మా వాడికి కుడివైపు. ఆపరేషన్ తరవాత మళ్లీ పిలిచి అవే టెస్టులు చేసి, ముందువాటి పక్కన పెట్టి మాకు చూపించారు. అలా రెండు పక్కపక్కన చూస్తే ధైర్యం వచ్చింది. అక్కా, ఈ రిపోర్టు జాగ్రత్తగా దాచండి, తరవాత పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

గోదారి_గట్టు
అందరూ చెబుతున్నది బాగుంది. కానీ ఇవన్నీ హైదరాబాద్, బెంగళూరు, త్రివేండ్రం. మాలాంటి చోట ఎవరు చేస్తారు? బోర్డు మీద సైకాలజిస్టు అని రాసుకున్నవాడు ఎవడో, నిజంగా చదివినవాడు ఎవడో ఎలా తెలుస్తుంది? మా ఊరి దగ్గర ఒకాయన వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతానని డబ్బు గుంజుతున్నాడు.

సైకాలజీ_ఎంఫిల్
మీ రెండు ప్రశ్నలూ న్యాయమైనవి. వేలిముద్రలకీ తెలివికీ ఏ సంబంధమూ లేదు, వాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి.

1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టులు పేరు నమోదు చేసుకోవాలి. ఆ నంబరు అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఎంఏ సైకాలజీ ఒక్కటే సరిపోదు, ఆసుపత్రిలో శిక్షణతో కూడిన క్లినికల్ కోర్సు చేసి ఉండాలి.

ఎక్కడ అంటే, హైదరాబాద్‌లో నిమ్స్, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. పిల్లల్లో బుద్ధి ఎదుగుదల సమస్యలకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏ ఆసుపత్రికైనా ముందు ఫోన్ చేసి "తలకి దెబ్బ తగిలిన పెద్దవాళ్లకి పూర్తి న్యూరోసైకాలజీ బ్యాటరీ చేస్తారా, తెలుగులో చేస్తారా, రిపోర్టు తరవాత థెరపీ ఉంటుందా" అని ఈ మూడూ అడిగి బయల్దేరండి. సైకియాట్రీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీల్లో కూడా కనుక్కోండి, ఫీజు చాలా తక్కువ ఉంటుంది. మన దగ్గర మనుషులు చాలడం లేదన్నది మాత్రం నిజం, గట్టు గారూ. అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఆగాల్సి వస్తోంది. జిల్లాకి ఒక్కరైనా ఉండాలని మేమూ కోరుకుంటున్నాం.

టెక్సాస్_తెలుగోడు
"తెలుగులో చేస్తారా" అన్న ప్రశ్నని నేను ఎర్ర సిరాతో గీత కొడతాను. మా నాన్న కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. డాలస్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు మతిమరుపుగా ఉందని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. అంతా ఇంగ్లిష్‌లో. ఇది ఏ కౌంటీ, ఏ సీజన్ అని అడిగారు. ఆయన "గ్రీష్మం" అన్నారు. కౌంటీ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. నేను అనువాదం చేస్తుంటే నా ముఖం చూస్తూ కంగారు పడ్డారు. డిమెన్షియా మొదలైందేమో అన్నారు.

ఇండియా వెళ్లాక తెలుగులో పూర్తిగా చేయించాం. జ్ఞాపకం బాగుంది. ధ్యాస కొంచెం తగ్గింది, దానికి కారణం డిప్రెషన్ అని తేలింది. అమ్మ పోయిన తరవాత ఆయన లోలోపల కుంగిపోయారు. దానికి వైద్యం జరిగింది, ఇప్పుడు మా ఊరి లైబ్రరీకి రోజూ వెళ్తున్నారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి నా మాట ఒకటే, వీలుంటే మీ పెద్దవాళ్లకి వాళ్ల భాషలోనే చేయించండి.

సైకాలజీ_ఎంఫిల్
ఇది చాలామందికి జరుగుతోంది. తప్పనిసరై ఇంగ్లిష్ క్లినిక్‌లోనే చేయించాల్సి వస్తే శిక్షణ ఉన్న దుబాసీని అడగండి, కొడుకో కూతురో అనువాదం చేయకూడదు. మనవాళ్లు తెలియకుండానే క్లూ ఇచ్చేస్తారు, లేదా నాన్న తప్పు చెబుతుంటే తట్టుకోలేక సర్దేస్తారు.

తెలుగులో పరికరాలు లేవని అనుకోవద్దు. జ్ఞాపకం, ధ్యాస, భాష లాంటివి చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్షకి నిమ్స్‌లో ఏళ్ల తరబడి వాడిన తెలుగు రూపం ఉంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ అనే పరీక్షల సెట్టు హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళంతో పాటు తెలుగులోనూ ఉంది.

ఉల్లిపెసరట్టు
టెక్సాస్ అన్నా, గ్రీష్మం అన్నందుకు నాన్నగారికి అదనంగా ఒక మార్కు వేయాల్సింది. డాలస్ ఎండలు చూసే అని ఉంటారు 🙂

బ్యాంకు_బాబాయ్
భాషల మాట వచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో రెండు భాషలు మాట్లాడేవాళ్లకి మతిమరుపు ఆలస్యంగా వస్తుందని నిమ్స్ వాళ్లు కనిపెట్టారని విన్నాను, నిజమేనా?

సైకాలజీ_ఎంఫిల్
నిజమే బాబాయ్ గారూ. 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. నిమ్స్‌లో డిమెన్షియా ఉన్న 648 మందిని చూస్తే, ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు భాషలవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడుకునే ఊరు కాబట్టే ఇక్కడ ఆ పరిశోధన సాధ్యమైంది. జబ్బు రాదని కాదు, ఆలస్యం అవుతుందని మాత్రమే.

వరంగల్_చెల్లి
నేను రాస్తానన్న సంగతి. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం, అడిగిందే అడగడం మొదలుపెట్టింది. అల్జీమర్స్ అని ఇంటిల్లిపాదీ ఏడ్చాం. సైకాలజిస్టు దగ్గరికి పోతే "ముందు రక్తపరీక్షలు చేయించారా" అని అడిగి వెనక్కి పంపింది. బీ12 బాగా తక్కువుంది, థైరాయిడ్ కూడా తేడాగా ఉంది. ఇంజెక్షన్లు, మాత్రలు వాడినంక కొన్ని నెలలకి టెస్టు చేస్తే వయసుకి తగ్గట్టే ఉందని వచ్చింది. కాబట్టి మతిమరుపు అనగానే డిమెన్షియా అని ఖాయం చేసుకోకండి. పెద్దవాళ్లకి చెవుడు ఉన్నా, నిద్ర సరిగ్గా లేకున్నా, కొన్ని ఎలర్జీ మాత్రలు వాడినా ఇట్లనే ఉంటదట.

కోర్టు_గుమాస్తా
కృష్ణలంక అమ్మాయికి ఇంకో వైపు నుంచి చెబుతాను. యాక్సిడెంట్ కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లిందా? కాళ్లూ చేతులూ బాగున్నాయి కదా అని ఇలాంటి కేసుల్లో నష్టపరిహారం తక్కువ కట్టేస్తుంటారు. శరీర వైకల్యం శాతం వేరు, దానివల్ల పోయిన సంపాదన శాతం వేరు అని సుప్రీంకోర్టు 2010లోనే ఒక తీర్పులో చెప్పింది. పద్దులు రాసే మనిషికి ధ్యాస పోవడం అంటే కూలి చేసే మనిషికి చెయ్యి పోవడమే. ఆ నష్టాన్ని కాగితం మీద చూపించేది ఈ రిపోర్టే. ఆలస్యం చేయకుండా లాయరుకి చూపించండి.

గోదారి_గట్టు
గుమాస్తా గారి మాటకి నేనూ ఓటేస్తాను. ఆ ఒక్క కారణానికైనా చేయించడం మంచిది. థెరపీతో ఏం ఒరుగుతుందో మాత్రం చూడాలి.

కృష్ణలంక_కోడలు
చాలా రోజులైంది రాసి. హైదరాబాద్ వెళ్లి టెస్టు చేయించాం, రెండు పొద్దుల్లో చేశారు. ఫలితం చెప్పే రోజు మా మరిదిని కూడా రమ్మని టెస్టు చేసిన మేడం గారే ఫోన్ చేయించారు.

లెక్కలు, భాష, బొమ్మ చూసి గీయడం అన్నీ బాగున్నాయి. ఆలోచన వేగం, రెండు పనుల మధ్య మారడం బాగా తగ్గాయి. జ్ఞాపకం గురించి ఆమె చెప్పింది మాకు చాలా పనికొచ్చింది: కొత్త విషయం ఎక్కడానికి మామూలు కంటే ఎక్కువసార్లు వినాలి, కానీ ఒకసారి ఎక్కితే అరగంట తరవాత కూడా పోలేదు. "మీ ఆయన మర్చిపోవడం లేదు, ఎక్కేలోపే ఇంకో పని అడ్డం వస్తోంది" అన్నారు. మా మరిది తల వంచుకుని విన్నాడు. బయటికొచ్చాక అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు, ఏమీ మాట్లాడలేదు.

న్యూరాలజీ డాక్టరు గారు ఫిట్స్ మాత్రని మెల్లగా మార్చారు. కోపం పూర్తిగా పోలేదు, కానీ పిల్లాడు మళ్లీ నాన్న పక్కన పడుకుంటున్నాడు.

థెరపీ నెలకోసారి అక్కడ, మిగతాది ఇంట్లో. పెసలు, కందులు, మినుములు కలిపేసి ఇస్తే వేరు చేయాలి. ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు అని నేను రాస్తాను. పేపర్లో ఒక వార్త తీసుకుని అందులో అడిగిన అక్షరం వచ్చినచోటల్లా కొట్టేయాలి. గింజలు కలిపి ఇచ్చేది మా అత్తగారే. పిచ్చి టెస్టు అన్న మనిషి ఇప్పుడు "ఇవాళ రెండే తప్పులు" అని పక్కింటావిడకి చెప్పుకుంటున్నారు.

కొట్టు ఓనరు గారికి రిపోర్టు చూపించాం. పొద్దున్న పదకొండు దాకా ఈయన ఫోను ఆయన దగ్గర ఉంచుకుంటున్నారు. ఒక్కో బిల్లు ఎక్కించగానే దాని మీద టిక్ పెట్టి ఇంకో ట్రేలో వేయాలి. అప్పుడే తరవాతది. మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుంటారు. జీతం కొంత తగ్గింది, కానీ ఉద్యోగం నిలిచింది.

బ్యాంకు_బాబాయ్
శుభం. ఆ ట్రే పద్ధతి బ్రహ్మాండంగా ఉందమ్మా, బ్యాంకులో మేమూ అలాగే వోచర్లు చూసేవాళ్లం.

సైకాలజీ_ఎంఫిల్
చాలా సంతోషం. గింజల పద్ధతి నిమ్హాన్స్ వాళ్లు మన ఇళ్లలో దొరికే వస్తువులతో చేసుకునేలా తయారుచేసిన శిక్షణలో భాగమే. ఒక్క మాట గుర్తుంచుకోండి. గింజల్లో వేగం పెరిగినంత మాత్రాన పద్దులు వాటంతటవే బాగుపడవు. ఇంట్లో పెరిగిన ధ్యాసని కొట్టులో పనికి ముడిపెట్టాలి. మీ ట్రే, టిక్, ఫోను ఏర్పాటే అసలైన థెరపీ. అవి బాగా అలవాటయ్యాక ఒక్కొక్కటే సడలించండి: ముందు ఫోను అరగంట ముందుగా ఇవ్వమనండి, తప్పులు పెరగకపోతే ఇంకో అరగంట. మెరుగుదల మొదటి నెలల్లో వేగంగా ఉంటుంది, తరవాత నెమ్మదిస్తుంది, కానీ అక్కడితో ఆగిపోదు. మళ్లీ టెస్టు ఆరు నెలలైనా ఆగి చేయించండి. తొందరగా చేస్తే పాత ప్రశ్నలు గుర్తుండి మార్కులు పెరుగుతాయి, అది నిజమైన మెరుగుదల కాదు. ఇంకా డాక్టరు అనుమతి లేకుండా బండి నడపనివ్వకండి.

మీ సంగతి కూడా చూసుకోండి. మనసు బరువెక్కినప్పుడు టెలీ మానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గోదారి_గట్టు
ఫోను ఓనరు దగ్గర పెట్టడం, ట్రేలు పెట్టడం ఎవరైనా చెప్పగలిగేవే కదా. దానికి హైదరాబాద్ దాకా వెళ్లాలా అన్నది నాకింకా అనుమానమే. అమ్మాయికి మేలు జరిగింది, సంతోషం.

సింహపురి_చిన్నోడు
గట్టు గారూ, చెప్పగలిగేవే, కానీ అంతకుముందు అన్ని నెలల్లో ఎవరూ చెప్పలేదు కదండీ. ధ్యాస మారడం దగ్గరే చిక్కు అని తెలిశాకే ఫోను తీసేయాలని తెలిసింది. జ్ఞాపకమే పోయి ఉంటే ఈ ఏర్పాటు పనిచేసేది కాదు.

కృష్ణలంక_కోడలు
అవునండీ. అంతకుముందు నేను రోజూ బాదంపప్పులు నానబెట్టి పెడుతూ, అన్నీ పదిసార్లు గుర్తుచేస్తూ ఉన్నాను. అలా గుర్తుచేసినప్పుడల్లా ఆయన చేస్తున్న పని తెగిపోయేదని మేడం చెప్పారు.

పాలమూరు_బిడ్డ
ఇదంతా చదివి అడుగుతున్న. మా నాయనమ్మ బడికి పోలే, సంతకం రాదు. ఈ మధ్య తోవ మర్చిపోతున్నది. రక్తపరీక్షలల్ల ఏం లేదన్నరు. పెన్సిల్ పట్టనోళ్లకి ఈ టెస్ట్ ఎట్ల చేస్తరు?

సైకాలజీ_ఎంఫిల్
చేస్తారు. గడియారం గీయమనడం, వాక్యం రాయమనడం లాంటివి ఆమెకి పెట్టకూడదు. పెడితే చదువు లేకపోవడాన్ని జబ్బు అని రాసేస్తారు. చదువుకోనివాళ్ల కోసం ప్రశ్నలు మార్చిన పరీక్షలు ఉన్నాయి. పైన చెప్పిన ఎంఎంఎస్ఈని మార్చి హరియాణా పల్లెల్లో హిందీలో తయారుచేసిన హెచ్ఎంఎస్ఈ ఒకటి. ఐసీఎంఆర్ టూల్ బాక్స్‌ని కూడా చదువు లేనివాళ్లని దృష్టిలో పెట్టుకునే చేశారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఆమె బడికి వెళ్లలేదు" అని చెప్పండి. వెళ్లేటప్పుడు ఆమెతో రోజూ ఉండేవాళ్లు రావాలి. వంట, డబ్బు లెక్క, పూజ, పక్కింటివాళ్ల పేర్లు, పొలం తోవ... వీటిలో ఏది ఎప్పటి నుంచి మారిందో ఒక కాగితం మీద రాసుకురండి. మార్కులతో సమానంగా మేం దాన్నీ చూస్తాం.

పాలమూరు_బిడ్డ
మా అత్త ఆమె దగ్గరనే ఉంటది. ఇయ్యాలనే అడిగి రాస్త.

వరంగల్_చెల్లి
తోవ మర్చిపోతున్నదంటున్నవు కదా, అప్పటిదాక నాయనమ్మ కొంగుకి మీ ఫోన్ నంబర్ కుట్టించు తమ్మీ. ఒంటరిగ బయటికి పోనియ్యకు.